దూడ ఒప్పుకుంటేనే తెల్లారినట్టు

ఉదయం 58

ఈ పుస్తకంలో పట్టీ రంగు తప్ప ఇంకేమీ రాయకూడదని మొదటి పేజీలోనే అచ్చేసి ఉంది. పట్టీ రంగు నీలం. రాశాను. కానీ మిగతా పేజీ అంతా ఖాళీగా కనబడుతుంటే నా చెయ్యి ఊరుకోదు.

బుడంకాయ పదవిలోకి వచ్చి ఇది యాభై ఎనిమిదో ఉదయం. బుడంకాయ అంటే గేదె దూడ. నేను దాని సేవకుణ్ణి, పేరు అసిరినాయుడు. నా పని కొట్టం ఒక చుట్టు ఊడవడం, దూడ మూతికింద కాగితం పట్టీ పెట్టి చొంగ పట్టడం, రంగు చూడడం, మళ్ళీ ఊడవడం. దూడ ఒంట్లో మేలుకొలుపు హార్మోను పెరిగితే పట్టీ నీలమవుతుంది. అప్పుడు సైరన్ తాడు లాగుతాను. మా అడుగూరులో దీపాలన్నీ వెలుగుతాయి, జనం లేచి పళ్ళు తోముకుంటారు. పట్టీ మళ్ళీ తెల్లబడిందంటే దీపాలు ఆరిపోతాయి, అది రాత్రి. పగలు నేను కునుకు తీస్తే మా ఆవిడ వరాలు చూసుకుంటుంది.

మా నెత్తిమీద మైలు మందం మంచు. సూర్యుడనేవాడు ఉన్నాడని బడిలో చెప్పారు, నమ్మాం. తాతల కాలంలో ఇక్కడ ఇసుక గడియారం ఉండేదట. దాన్ని ఎవరు తిరగెయ్యాలన్న దగ్గర ఊరు రెండుగా చీలి పదకొండుమంది పోయారు. అప్పటినుంచీ చట్టం ఒకటే: ఏ అభిప్రాయమూ లేని ప్రాణి మాత్రమే ఉదయం ప్రకటించాలి. పాలు మానిన ప్రతి ప్రాణికీ ఏదో ఒక అభిప్రాయం ఉంటుంది గనక పాలు తాగే దూడే ప్రకటించాలి. తల్లికి అభిప్రాయాలు మరీ మెండు గనక తల్లిని వేరే కొట్టంలో కట్టాలి. బుడంకాయ తల్లి రంగసాని నాలుగు గోడల అవతల ఉంటుంది. దాని పాలు సీసాలో వస్తాయి.

పాత సేవకులు దూడకి బెల్లం ముక్క పగలెప్పుడో, చేతికి తీరినప్పుడు పెట్టేవారు. నేను సైరన్ లాగిన వెంటనే పెడుతున్నాను. ఊరంతటికీ తెల్లారబెట్టిన ప్రాణిని బెల్లం కోసం కాచుకోమనడం నాకు నచ్చలేదు. పైగా అది నా వంక చూసే చూపు అలాంటిది.

ఇంట్లో పెరుగు తోడుకోవడం లేదు. రాత్రి తోడుపెట్టిన ముంత పొద్దున్నకి నీళ్ళలాగే ఉంటోంది. వరాలు రంగసానిని తిట్టింది, ముంతని తిట్టింది, చివరికి నన్ను తిట్టింది.

ఉదయం 61

పట్టీ నీలం. ఈరోజు మా అక్క పైడితల్లి బయటికి వెళ్ళింది.

మంచునీళ్ళ గొట్టం ఎక్కడో పగిలింది. బాగుచెయ్యడానికి ఐదుగురు వెళ్ళారు, వాళ్ళకి అక్క పెద్ద. వీపున గాలి సిలిండర్లు, పది ఉదయాలకి సరిపడా. పదో ఉదయాన, అంటే ఈ పుస్తకం లెక్కలో డెబ్భై ఒకటిన, సైరన్ మోగినంతసేపు పెద్దతలుపు తెరుస్తారు. ఆ తలుపు ఒకసారి తెరిస్తే ఊరు సగం పూట పీల్చే గాలి బయటికి పోతుంది. అందుకని మళ్ళీ ముప్ఫై ఉదయాలదాకా తెరవరు. డెబ్భై ఒకటిన తలుపు ముందు లేనివాళ్ళు ఇక లేనట్టే.

దారిలో రోజులు లెక్కపెట్టుకోవడానికి వాళ్ళు సీసా పాలు తాగే మేకపిల్లని వెంట తీసుకెళ్ళారు. మేకపిల్లకి కూడా పట్టీయే.

"దానికి బెల్లం పట్టుకెళ్ళండి," అన్నాను.

"సోకు సాల్లే," అంది అక్క. "మేకపిల్లకి బెల్లం, నీకు బుద్ధి, రెండూ ఈ ఊర్లో దొరకవు. ఒరే, నేనొచ్చీసరికి ఆ గడ్డం గీసుకో. దూడే నయంగా ఉంది."

గాలిగోడ పగిలి అమ్మా నాన్నా పోయినప్పుడు నాకు ఆరేళ్ళు, అక్కకి పద్నాలుగు. అప్పటినుంచీ ఆవిడ నాతో మంచిమాట ఒకటి అన్నది లేదు, నాకు అన్నం పెట్టకుండా తను తిన్నదీ లేదు. తలుపు మూసుకున్నాక కొట్టానికి తిరిగొచ్చాను. బుడంకాయ చెవులు గోకుతూ కూర్చున్నాను.

ఉదయం 63

పట్టీ నీలం.

ఊరంతా ఆవలిస్తోంది. అయినా అందరూ సంతోషంగానే ఉన్నారు, ఎందుకంటే పనులన్నీ చకచకా అయిపోతున్నాయి. బడిపిల్లల సంవత్సరం ముందే పూర్తయింది. నూరు ఉదయాల శిక్షపడ్డ గాలిదొంగ హాయిగా ఇంటికొచ్చేశాడు. ఒక్క నారాయణమ్మ మాత్రం లెక్కప్రకారం కనాల్సిన ఉదయం దాటి పది ఉదయాలైనా కనలేదు. ఉదయాల లెక్క చూసే ఉదయ సంఘంవాళ్ళు ఆవిడకి సంజాయిషీ నోటీసు పంపారు.

ఆ నోటీసు పట్టుకునే పశువుల డాక్టరు హైమవతి గారు కొట్టానికి వచ్చారు. మా ఊళ్ళో మనుషుల డాక్టరు కూడా ఆవిడే.

"అసిరినాయుడూ, నారాయణమ్మ కడుపులో బిడ్డ బాగానే ఉంది. తొందరపడుతున్నది ఊరు. మీ ఇంట్లో పెరుగు తోడుకుంటోందా?" అని అడిగారు.

ఆ సంగతి నాకూ వరాలుకీ తప్ప ఎవరికీ తెలియదు అనుకున్నాను. తీరా చూస్తే ఊళ్ళో ఏ ఇంట్లోనూ తోడుకోవడం లేదు. ఇడ్లీపిండి పొంగడం లేదు. ఎవరికివారు తమ చేతిగుణం పోయిందనుకుని పరువుకోసం నోరు మూసుకున్నారు.

"ముంత తోడుకోవడానికి పట్టేకాలం ఎప్పుడూ ఒకటే," అన్నారు డాక్టరమ్మ. "పాతరోజుల్లో ఒక ఉదయంనుంచి మరో ఉదయానికి వరసగా మూడు ముంతలు తోడుకునేవి. నేను ఆసుపత్రిలో పెట్టి చూశాను. ఇప్పుడు రెండే తోడుకుంటున్నాయి. దూడకి ఏం పెడుతున్నావు?"

చెప్పాను. బెల్లం అన్నాను. సైరన్ వెంటనే అన్నాను.

ఆవిడ బుడంకాయ వెన్నుమీద వేలుతో గీత గీసి చూపించారు. దూడ మెదడులో కాలం తెలిసే చోటు ఒకటి ఉందట. అక్కణ్ణించి కబురు నరాల వెంట దిగి, మూత్రపిండం నెత్తిన టోపీలా కూర్చున్న గ్రంథిదాకా వెళ్తుందట. కబురందితే గ్రంథి హార్మోను వదులుతుంది. పెద్ద గేదెలో ఈ ఏర్పాటు ముదిరి గట్టిపడి ఉంటుంది, ఎవరేం చేసినా అంత తేలిగ్గా జరగదు. దూడలో ఇంకా లేత. తిండి ఎప్పుడొస్తే అదే పొద్దు అనుకుంటుంది, తిండి రాకముందే ఒంటిని సిద్ధం చేసుకుంటుంది.

"ఎంత ముందు?" అన్నాను.

"కాస్త ముందు. ఆ కాస్త ముందే పట్టీ నీలం. నువ్వు సైరన్ లాగుతావు, బెల్లం పెడతావు. మర్నాడు దానికంటే కాస్త ముందు. పైగా దీపాలు చూసి దూడ తెల్లారిందనుకుంటుంది, దూడని చూసి మనం దీపాలు వేస్తాం. పెళ్ళికొడుకు పెళ్ళికూతురి వెనకా, పెళ్ళికూతురు పెళ్ళికొడుకు వెనకా దాక్కున్నట్టుంది మన ఊరి వ్యవహారం."

ఆవిడ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అక్కావాళ్ళ మేకపిల్లకి బెల్లం లేదు. వాళ్ళ పది ఉదయాలు అంటే ముప్ఫై ముంతలు. మా పది ఉదయాలు ఇరవై ముంతలు, ఇంకా తగ్గుతాయి. వాళ్ళు ఇంకా దారిలో ఉండగానే మేం తలుపు తెరిచి, ఎవరూ లేరని చూసి, మూసేస్తాం. అదంతా నేను పెట్టిన బెల్లం వల్ల.

ఉదయం 64

పట్టీ నీలం. బెల్లం పెట్టాను, ఏం చెయ్యాలో ఇంకా తెలియక.

డాక్టరమ్మా నేనూ ఉదయ సంఘం అధ్యక్షులు సన్యాసిరావు గారి దగ్గరికి వెళ్ళాం. నా తప్పు నేనే చెప్పాను. తలుపు తెరవడం ఐదారు ఉదయాలు ఆలస్యం చెయ్యమని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను.

సన్యాసిరావు గారు చెడ్డవారు కాదు. ఊళ్ళో ఎవరు ఏడ్చినా ఆయనకీ కన్నీళ్ళొస్తాయి. నాతోపాటు కాసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, చట్టం తీశారు.

"చూడు నాయనా, ఇన్ని ఉదయాలు తప్పని మనం రాశామనుకో. వదిలేసిన దొంగని మళ్ళీ లోపలెయ్యాలి. పాసైన పిల్లల్ని వెనక్కి పంపాలి. మా మావగారి పదోరోజు అయిపోయింది, ఆయన మళ్ళీ మైలలో పడతాడు. పోయినాయనకి అదేం ఖర్మ?"

"మరి పైడితల్లి సంగతేంటండీ? ఐదుగురు మనుషులండీ," అన్నారు డాక్టరమ్మ.

"పైడితల్లి నాకు చెల్లెలి లెక్క. కానీ డెబ్భై ఒకటి అంటే డెబ్భై ఒకటే. ఉదయం ఎప్పుడో మీరు చెప్పకూడదు, నేను చెప్పకూడదు. నాకు పదవి మీద ఆశ ఉంది, నీకు అక్క మీద ప్రేమ ఉంది, ఈవిడకి పెరుగు మీద అనుమానం ఉంది. దూడకి ఏముంది? ఏమీ లేదు. అందుకే అది చెప్పాలి."

"దూడకి బెల్లం మీద ఆశ ఉందండీ," అన్నాను.

ఆయన ఆ మాట మినిట్సులో రాయవద్దని గుమాస్తాకి చెప్పారు. నరం కోసేస్తే పీడా పోతుందేమో అని ఆయనే ఒక సలహా కూడా ఇచ్చారు. నరం కోస్తే గ్రంథికి కబురందదని, ఇక ఏ ఉదయాన్నీ నమ్మడానికి ఉండదని డాక్టరమ్మ చెప్పాక ఊరుకున్నారు.

ఉదయం 66, 67, 68, 69, 70

పట్టీ నీలం, తెలుపు, నీలం, తెలుపు, నీలం, తెలుపు, నీలం, తెలుపు, నీలం, తెలుపు. ఇదంతా ఒకే పూట, అటూ ఇటుగా రెండు ముంతల కాలం.

తప్పు నాదే, మళ్ళీ నాదే. బెల్లం మానేస్తే దూడ దారికొస్తుందని అరవై ఆరున సైరన్ లాగి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. బుడంకాయ నా చేతులు వాసన చూసింది. జేబు వాసన చూసింది. తర్వాత "అంబా" అని ఒక్క పెట్టున అరిచింది. అయినా బెల్లం పెట్టలేదు. అది అరిచి అరిచి సొమ్మసిల్లి పడుకుంది, పట్టీ తెల్లబడింది, దీపాలు ఆరిపోయాయి. లేచి బెల్లం గుర్తొచ్చి మళ్ళీ అరిచింది. పట్టీ నీలం. లాగక తప్పుతుందా? లాగాను.

భయమేసినా కోపమొచ్చినా ఆ నరం అదే గ్రంథిని తడుతుందని, వచ్చే హార్మోను కూడా అదేనని డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి చెప్పేసరికి అరవై తొమ్మిది అయిపోయింది. ఊళ్ళో జనం ఒకే పూట ఐదుసార్లు పళ్ళు తోముకున్నారు. ఐదుసార్లు టిఫిను చేశారు. నాలుగో టిఫిను దగ్గర ఇడ్లీలు అయిపోతే ఉప్మాకి దిగారు. అది ఐదో ఉదయానికి ఇళ్ళల్లో గొడవలకి దారితీసింది. అయినా లేవనివాడు ఒక్కడు లేడు. సైరన్ మోగితే లేవడం మావాళ్ళకి అలవాటు, ఎందుకని అడగడం అలవాటు లేదు.

బెల్లం పెట్టేశాను. అది తిని పడుకుంది. పట్టీ తెల్లగా ఉంది.

వరాలు ముంతలు లెక్కపెట్టింది. అక్క వెళ్ళాక పన్నెండు తోడుకున్నాయి. ఇంకా పద్దెనిమిది తోడుకుంటేగానీ అక్కావాళ్ళు రారు. పట్టీ ఈసారి నీలమైతే డెబ్భై ఒకటి, తలుపు తెరిచేస్తారు.

"ఇప్పుడేటి సేత్తావు?" అంది వరాలు. చెంగుతో ముఖం తుడుచుకుంటోంది. మా ఆవిడకీ అక్కకీ మాటల్లేక రెండేళ్ళయింది. అయినా ఏడుస్తోంది.

"నాకేటి తెలుసు?"

"నువ్వు సిన్నప్పుడు ఏడిత్తే మీ అక్క ఏటి సేసీది?"

"పక్కన పడుకోబెట్టుకునేది."

ఆ మాట అన్నాక ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నాలుగు గోడలు దాటి వెళ్ళి రంగసాని పలుపు విప్పాను.

రాత్రి, పదమూడో ముంత

పట్టీ తెలుపు.

రంగసాని చీకట్లో నన్ను తోసుకుంటూ వచ్చింది. దూడని వాసన చూసి ఒక చిన్న మూలుగు మూలిగింది. నాలుకతో నెత్తినుంచి తోకదాకా నాకింది. బుడంకాయ పొదుగులో మూతి పెట్టి తలతో రెండు కుమ్ములు కుమ్మి తాగింది. దాని జన్మలో సీసా కాకుండా తాగడం అదే మొదలు. నేను మొహం తిప్పుకున్నాను, ఎందుకంటే ఆ సీసా ఇన్నాళ్ళూ పట్టింది నేనే.

పిల్లజీవికి తల్లి ఒళ్ళు తగులుతున్నంతసేపూ కంగారు కబురు నరం దిగదని డాక్టరమ్మ అన్నారు. "కొన్నాళ్ళే. ఎదిగితే ఈ మందు పనిచెయ్యదు. మనుషుల్లోనూ అంతే," అని వెళ్ళిపోయారు.

రాత్రి, పంతొమ్మిదో ముంత

తెలుపు.

జనం మొదట హాయిగా నిద్రపోయారు. ఐదు ఉదయాల అలసట అది. తర్వాత మెలకువొచ్చి పడుకునే ఉన్నారు. రాత్రిపూట వీధిలోకి రాకూడదన్నది రూలు. రాత్రి షిఫ్టువాళ్ళు మాత్రం దిగే వీలు లేక పనిచేస్తూనే ఉన్నారు, వాళ్ళ భార్యలు రూలు పక్కనపెట్టి, చీకట్లో గోడలు తడుముకుంటూ క్యారియర్లు అందిస్తున్నారు. నారాయణమ్మ ఆడపిల్లని కంది. పుట్టిన ఉదయం అన్న గడిలో ఏం రాయాలో తెలియక ఖాళీ వదిలేశారు.

పెరుగు మాత్రం ప్రతి ఇంట్లోనూ గడ్డలా తోడుకుంటోంది. కొందరిళ్ళల్లో పులిసిపోతోంది కూడా.

రాత్రి, ఇరవై ఆరో ముంత

తెలుపు.

సన్యాసిరావు గారు లుంగీతో వచ్చారు. అధ్యక్షుడికి రాత్రి తిరిగే హక్కుంది. లాంతరు ఎత్తి రంగసానిని చూశారు.

"తల్లిని కలపడం నేరం."

"అవునండి."

"దూడకి అభిప్రాయం నేర్పిస్తుంది."

"నేర్పించిందండి. తెల్లారొద్దు అంటోంది."

ఆయన గడ్డిమీద కూలబడ్డారు. రంగసాని ఆయన లుంగీ అంచు నములుతుంటే తీసుకోలేదు. పట్టీ తెల్లగా ఉన్నంతకాలం నేను చట్టం తప్పినా ఉదయం మాత్రం తప్పలేదని, ఈ పాయింటు ఎటు చూసినా ఆయనకి కొరుకుడు పడటంలేదని చెప్పారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఇంకెన్ని ముంతలు?" అన్నారు. నాలుగు అన్నాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయారు.

రాత్రి, ముప్ఫై ఒకటో ముంత

తెలుపు.

వరాలు చీకట్లో పడుతూ లేస్తూ వచ్చింది. "అయ్యో, వొచ్చీసినారు! తలుపు మీద కొడతన్నారు. ఇనుముతో. నేను సెవి పెట్టి ఇన్నాను!"

"తెరిచారా?"

"ఎలా తెరుత్తారు? సైరన్ మోగితేగదా! తొరగా లాగు!"

లాగడానికి పట్టీ నీలం కావాలి. రంగసానిని పలుపు పట్టి బయటికి ఈడ్చాను. తల్లి పోతే దూడ అరుస్తుంది, భయపడుతుంది, నరం పలుకుతుంది, నీలమవుతుంది. ఆ పాపం కట్టుకోవడానికి సిద్ధపడే చేశాను.

బుడంకాయ అరవలేదు. పొట్ట ఉబ్బేలా పాలు తాగి, కాళ్ళు బారజాపి పడుకుని ఉంది. ఒక కన్ను తెరిచి తల్లి వెళ్ళిన వైపు చూసి, వస్తుందిలే అన్నట్టు మళ్ళీ మూసింది. పట్టీ పెట్టాను. తెలుపు. చెవిలో అరిచాను. తెలుపు. బెల్లం చూపించాను. వాసన చూసి మొహం తిప్పుకుంది. చప్పట్లు కొట్టాను, చీపురు విసిరాను. తెలుపు. ఇన్నాళ్ళూ తెల్లారొద్దని నేను బతిమాలుకున్న దూడ ఇప్పుడు నా మాట అక్షరాలా వింటోంది.

వాళ్ళ సిలిండర్లలో ముప్ఫై ముంతల గాలి. ఇది ముప్ఫై ఒకటోది. తలుపు మీద దెబ్బలు ఇప్పుడు కొట్టందాకా వినిపిస్తున్నాయి. మూడేసి కొడుతున్నారు. తర్వాత రెండేసి. తర్వాత చాలాసేపు ఆగి ఒకటి.

నేను సైరన్ తాడు పట్టుకున్నాను. వరాలు నా చేతిలో పట్టీ చూసింది, నా మొహం చూసింది, తాడు మీద తనూ ఒక చెయ్యి వేసింది.

దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. ఊరు ఊరంతా పొలోమని వీధుల్లోకి వచ్చింది. పెద్దతలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. ఐదుగురు, ఒక మేకపిల్ల. నలుగురు పాక్కుంటూ వచ్చారు. ఐదో మనిషిని పాకుతున్నవాళ్ళే లాక్కొచ్చారు. అది అక్క. ముసుగు తీస్తే పెదవులు నల్లబడి ఉన్నాయి. తన గాలి మేకపిల్లకి పెట్టిందట. లెక్క తప్పకూడదని.

డాక్టరమ్మ గుండె మీద గుద్దారు. నేను పేరు పెట్టి అరిచాను, అక్కా అని అరిచాను, ఆరేళ్ళప్పుడు ఎలా ఏడ్చానో అలా ఏడ్చాను. చాలాసేపటికి ఆవిడ దగ్గింది. కళ్ళు తెరిచి నన్ను పైనుంచి కిందకి చూసింది.

"గెడ్డం గీసుకోమన్నాను గదరా," అంది.

సన్యాసిరావు గారు లుంగీ మీదే కోటు వేసుకుని వచ్చారు. వెనక ఊరంతా ఉంది. ఆయన చేతిలో కొట్టంలోంచి తెచ్చిన ఈ పుస్తకం ఉంది. గొంతు తగ్గించి అడిగారు, "నీలం అయిందని రాసెయ్యి నాయనా. నేనేమీ చూడలేదు. అయిందా?"

పుస్తకం తీసుకుని అందరి ముందే రాశాను. అక్క తల నా ఒళ్ళో ఉంది, అందుకని అక్షరాలు కుదురుగా లేవు.

ఉదయం 71

పట్టీ రంగు: తెలుపు.

ఉదయం ప్రకటించినది: అసిరినాయుడు. వయసు నలభై రెండు. పాలు మాని నలభై ఏళ్ళు. అభిప్రాయం ఉంది.